చీర కట్టే సాయంత్రం

పండక్కి నాలుగు రోజులుందనగా, బుధవారం పొద్దెక్కాక, కులపెద్ద లచ్చయ్యా చర్చి ఉపదేశి అంతోనీ కలిసి అమ్మడు ఇంటికేసి వచ్చారు. వాళ్ళిద్దరూ జంటగా ఒక గుమ్మంలోకి వచ్చారంటే ఆ గుమ్మానికి ఏదో మూడిందన్నమాటే. ఒకడిది గంగమ్మ జాతర, ఇంకొకడిది మేరీమాత పండగ. ఏడాది పొడుగునా ఉప్పూ నిప్పూలా ఉంటారు. ఎవరి నెత్తినో బండ పెట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరి నోటా ఒకే మాట వస్తుంది.

అమ్మడు ఇసకలో ఆరబోసిన నెత్తళ్ళు తిరగేస్తోంది. కొబ్బరీనెల చీపురుతో ఒక పక్కనుంచి మెల్లగా లేపి రెండో పక్కకి పడేయాలి. గట్టిగా లాగితే తలలు ఊడిపోతాయి, తల ఊడిన నెత్తళ్ళని సంతలో ఎవరూ ముట్టరు. పెద్దమనుషుల్ని చూసి చీపురు కింద పెట్టి పైట సర్దుకుంది. కాకులు ఇదే సందని దిగాయి.

"ఓ మాటే అమ్మడూ," అన్నాడు లచ్చయ్య. "శనోరం సందేళకి మాతకి సీర కట్టాల గదా."

"కట్టాల మావా."

"నీ మొగుడి సంగతి ఏటనుకుంతన్నావు మరి?"

అమ్మడు కాకుల్ని అదిలించింది. "నానేటనుకుంతాను? మీరే సెప్పండి."

"మేవెలాగ సెప్తాం? పది నెలలయినాది. నువ్వు బొట్టెట్టుకుని గాజులేసుకుని తిరగతన్నావు. మేవేటీ అన్నేదు. నీ ఇల్లు, నీ ఇష్టం. సీర ఇష్టం మాత్రం నీది కాదు, ఊరిది. ముండమోసిన సెయ్యి సీర కడితే ఏటకెల్లిన తెప్ప తిరిగి రాదు. ఇది మా తాతల కాడ్నించీ ఉన్నాది."

"మాత గుడిలో అబద్ధం పనికిరాదమ్మా," అన్నాడు అంతోని. లచ్చయ్య దానికి తలూపాడు.

"ఉన్నాడంటే ఉన్నట్టు రుజువు సూపించు, రాజాలాగ నువ్వే కట్టు. నేడంటే గాజులు తీసీ, సెయ్యాల్సింది సేయించీ, నీ తోటికోడలు దానమ్మ కడతాది. రెండిట్లో ఓటి తేల్సుకో. శనోరం దాకా టయిమిచ్చినాం," అని లచ్చయ్య తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు.

మాట పూర్తయ్యేసరికి ఇంట్లోంచి అత్త దాలమ్మ వచ్చింది. ముసలిది నడుం వంగింది గానీ గొంతు వంగలేదు. "ఎవుడ్రా నా కోడలి గాజులు తీసీవోడు? నా కొడుకు బతికున్నాడు. గోపాలపూరులో సూసినోడున్నాడు. వస్తాడు, వచ్చి మీ ఇద్దరి పళ్ళూ రాలగొడతాడు, ఎల్లండి!" అంటూ ఇంత ఇసక తీసి వాళ్ళ కాళ్ళ మీద పోసింది. పెద్దమనుషులిద్దరూ వెళ్ళిపోయారు. ముసలిది అమ్మడికేసి తిరిగి, "ఏటలా సూస్తావు? సేపలు కాకులెత్తుకుపోతన్నాయి," అంది.

అమ్మడు మళ్ళీ చీపురందుకుంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. గాజులు ఉంచుకుంటే ఊరికి కోపం, తీస్తే అత్తకి కోపం. అసలు తనకేం కావాలో తనని అడిగినవాడు లేడు. అడిగితే చెప్పడానికి తన దగ్గరా ఏమీ లేదు. ఆ సంగతి తలుచుకుంటే అమ్మడికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

దిబ్బలపేట చర్చికి నూరేళ్ళు దాటాయి. శ్రీకాకుళంలో బస్సెక్కి, అది దింపిన చోటినుంచి రెండు కోసులు ఇసకలో నడిస్తే వస్తుంది. ఫ్రాన్సు దొరలు గుల్లసున్నంతో కట్టించారు. అరవై ఎనిమిదో సంవత్సరం వచ్చినా దానికి కరెంటు రాలేదు. చర్చి కంటే ముందే విగ్రహం వచ్చిందంటారు. ఏదో ఓడ మునిగితే, దాలమ్మ అత్తింటి పూర్వీకుడెవడి వలలోనో మూడడుగుల కొయ్యబొమ్మ పడిందట, చంకలో బిడ్డతో. రంగంతా ఉప్పునీళ్ళు తినేసి వట్టి కొయ్య మిగిలిందట. ఒడ్డున మగాళ్ళంతా మూగి చూస్తుంటే ఆ ఇంటి ఆడది, "ఆడదాన్ని నడిరేవులో అలాగ నిలబెడతారేట్రా, సిగ్గునేదా" అని తన చీర సగం చింపి చుట్టబెట్టిందట. ఆనాటినుంచి పండగ ముందు సాయంత్రం మాతకి కొత్త చీర కట్టే హక్కు ఆ ఇంటి పెద్దకోడలిది. ఆ ఇంట్లో ఈనాటికీ ఒక్కరికీ జ్ఞానస్నానం లేదు, అందరూ గంగమ్మకి మొక్కేవాళ్ళే. అయినా ఎవరూ కాదనలేదు. మధ్యలో ఒక ఫాదరు కాదన్నాడట గానీ, ఆ ఏడు వలలో గవ్వలు తప్ప ఏమీ పడలేదని, మరుసటేడు ఆయనే వచ్చి గుమ్మంలో నిలబడి పిలిచాడని చెప్పుకుంటారు.

దాలమ్మ మొగుడు పోయాక పన్నెండేళ్ళు దాలమ్మ తోటికోడలు కట్టింది, పెళ్ళయి వచ్చాక ఆరేళ్ళుగా అమ్మడు కడుతోంది. ఆ ఇంట్లో అందరూ తిన్నాక తినేది, అందరూ లేవకముందు లేచేది అమ్మడు. పిల్లా జెల్లా లేరు. ఏడాదికి ఒక్క సాయంత్రం మాత్రం ఊరంతా, మగాళ్ళతో సహా, అమ్మడి చేతులు పని ముగించేదాకా చర్చి బయట ఇసకలో కూర్చుని కాచుకుంటారు. తలుపు తీసి ఆమె బయటికొస్తే గంట కొడతారు. ఆ గంట వినడమంటే అమ్మడికి ప్రాణం. దాన్ని వదులుకోవాలంటే మొగుణ్ణి వదులుకున్నంత పనీ అవుతోంది, మొగుడే ఏమయ్యాడో తెలియని మనిషికి.

కిందటి కార్తీకంలో ఒక తెప్ప మీద అమ్మడి మొగుడూ, జోజీ వేటకి వెళ్ళారు. మూడోనాడు బారువ దగ్గర జోజి శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అదే రోజు జోజి పెళ్ళాం గాజులు పగిలాయి, గొయ్యి తవ్వారు, ఫాదరు నీళ్ళు చల్లాడు. ఆమె ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు తట్ట నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరుగుతోంది. అమ్మడి మొగుడి జాడ లేదు. జోజి పెళ్ళాన్ని చూసినప్పుడల్లా అమ్మడికి అసూయ లాంటిదొకటి గుండెలో గీరుకుంటుంది. ఛీ, ఇదేం బుద్ధి అని తనని తాను తిట్టుకుంటుంది.

గురువారం మధ్యాహ్నం అమ్మడు చర్చికి వెళ్ళింది. కొత్త ఫాదరు నిచ్చెన కింద నిలబడి గోడలకి సున్నం వేయిస్తున్నాడు. మలయాళీ కుర్రాడు, వచ్చి ఆరు నెలలు కాలేదు. తెలుగు పుస్తకంలో నేర్చుకున్నాడు కాబట్టి పుస్తకంలాగే మాట్లాడతాడు. ఆ మాట విని పేటలో ఆడవాళ్ళు నోటికి పైట అడ్డం పెట్టుకుంటారు. మనిషి మాత్రం మంచివాడని అందరూ ఒప్పుకుంటారు.

"ఫాదరు బాబూ, నానేటి?" అంది అమ్మడు.

ఆయనకి అర్థం కాలేదు. "నీవు అమ్మడు కదా?"

"పేరు కాదు బాబూ. నాను మొగుడున్నదాన్నా, నేనిదాన్నా?"

ఫాదరు చేతికంటిన సున్నం తుడుచుకున్నాడు. "నా వరకు ఏ అభ్యంతరమూ లేదు. వివాహిత అయినా, విధవ అయినా, మాత దృష్టిలో ఒకటే."

"ఆ మాటే మావోళ్ళకి సెప్పండి బాబూ."

"చెప్పాను. అలా అయితే ఊరేగింపుకు ఒక్క పడవా రాదని అన్నారు. నేను కొత్తవాణ్ణి," అని ఫాదరు నేలచూపులు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. తరవాత ఏదో గుర్తొచ్చినట్టు లోపలికెళ్ళి ఒక నల్లట్ట పుస్తకం తెచ్చాడు. పండగనాడు పూజ అయ్యాక, సముద్రంలో పోయిన దిబ్బలపేట వాళ్ళందరి పేర్లూ చదవడం ఆ చర్చిలో ఆనవాయితీ. గంగమ్మకి మొక్కేవాడైనా సరే, మాతకి మొక్కేవాడైనా సరే, నీళ్ళలో పోతే ఆ పుస్తకంలోకి రావలసిందే. ఆఖరి పేజీలో జోజి పేరు కింద ఒక వరస ఖాళీగా ఉంది.

"అంతోని రాయమన్నాడు. నీ అత్తగారు వచ్చి రాస్తే పుస్తకం చించుతానన్నారు. నేను ఖాళీ వదిలాను," అన్నాడు ఫాదరు. "బతికి ఉన్నవాణ్ణి చనిపోయినవారిలో చదవడం తప్పు. చనిపోయినవాడి కోసం ప్రార్థించకపోవడమూ తప్పు. నీవు చెప్పు, ఏమి చెయ్యాలి?"

"నాకు తెలిస్తే మీ కాడికెందుకొస్తాను బాబూ?"

నిచ్చెన మీదనుంచి సున్నం చుక్కలు పడుతున్నాయి. అమ్మడు పీఠం మీది విగ్రహానికేసి చూసింది. కిందటేడు తను కట్టిన చీర ఉప్పుగాలికి వెలిసిపోయి ఏ రంగో తెలియకుండా అయింది. "ఈవిడి మొగుడో?" అని అడిగింది.

"పునీత జోజప్పగారు. చాలా ముందే పోయారు."

"అయితే ఈవిడా..."

ఫాదరు కంగారుగా పుస్తకం మూశాడు. "ఆ విధంగా ఎవరూ అనరు," అన్నాడు. అట్ట మీద పడ్డ సున్నం చుక్క తుడిచి, "నిజానికి, ఎందుకు అనరో నాకు తెలియదు," అని కూడా అన్నాడు. ఆయన్ని చూస్తే అమ్మడికి జాలేసింది. సలహా అడగడానికి వచ్చి, పాపం ఆయనకి ఇంకో తలనొప్పి పెట్టి ఇంటికెళ్ళింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ఆషాఢంలో గోపాలపూరులో తన మొగుణ్ణి చూశానని చెప్పిన మనిషిని పట్టుకోవడం. ఆ మనిషి నరసింగరావు, ఎండుచేపల వ్యాపారి. శుక్రవారం సంతకి తప్పకుండా వస్తాడు. పొద్దున్నే నెత్తళ్ళు తట్టకెత్తుకుని అమ్మడు బయల్దేరింది. దాలమ్మ గుమ్మందాకా వచ్చి, "ఏ రేవులో సూసినాడో అడుగు. సిక్కినాడో, ఒళ్ళు సేసినాడో అడుగు. ఎప్పుడొస్తాడో అడుగు," అని చెప్పిన మాటే మూడుసార్లు చెప్పింది.

సంతలో నరసింగరావు చింతచెట్టు కింద తక్కెడ వేలాడదీసుకుని కూర్చున్నాడు. చేప విరిచి వాసన చూడటం, పెదవి విరవడం, తక్కువ ధర చెప్పడం, ఇది అతని పద్ధతి. అమ్మడి తట్ట చూసి చెయ్యి పెట్టబోయాడు. అమ్మడు తట్టని పక్కకి లాగేసింది.

"సేపలు తరవాత తాతా. మా ఇంటాయన్ని సూసినానని మా అత్తతో సెప్పినావంట గదా. నిజం సెప్పు."

నరసింగరావు మొహం మారిపోయింది. చుట్టూ చూసి, "కూకో," అన్నాడు.

"కూకోను. సెప్పు."

"ముసల్ది నా కాళ్ళు పట్టుకున్నంత పని సేసినాది తల్లీ. గోపాలపూరు ఎల్లొచ్చినావు గదా, నా గుంటడు అగుపించినాడా అని. అక్కడ మనోళ్ళు సాలామందున్నారు. ఒకడు ఈపిటు తిప్పి తెప్ప కడతన్నాడు. అలాటోడే ఒకడున్నాడమ్మా అన్నాను. అంతే."

"మొగం సూసినావా?"

"నేదు."

"పిల్సినావా?"

"పిల్సినాను. తిరగనేదు."

"తిరగనేదంటే ఆడు కాదన్నమాటేనా?"

నరసింగరావు తక్కెడ తాళ్ళు అనవసరంగా సర్దాడు. "గాలి అమ్మా. సముద్రపొడ్డున గాలి నీకు తెల్దేటి? ఇనబడిందో నేదో. అవునని సెప్పనేను, కాదని సెప్పనేను. తప్పయిపోయినాది, ఏటీ అనకుండా ఉండవలిసింది."

అమ్మడికి కోపం వచ్చింది. అబద్ధమని చెప్పినా బాగుండేది, ఏడ్చి ఊరుకునేది. నిజమని చెప్పినా బాగుండేది, రైలెక్కి గోపాలపూరు పోయేది. ఒక వీపు. పది నెలలు ఎదురుచూస్తే మొగుడిలో తనకి మిగిలింది ఎవడిదో ఒక వీపు. ఎవరినడిగినా ఇంతే, ఎన్నేళ్ళడిగినా ఇంతే. ఫాదరు చెప్పడు, పెద్దలు చెప్పరు, సముద్రం అసలే చెప్పదు. ఈ మాట చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరని అమ్మడికి ఆ చింతచెట్టు కింద తెలిసింది. చేపలు ఎంతిచ్చాడో కూడా చూసుకోకుండా అమ్మేసి ఇంటిదారి పట్టింది.

దాలమ్మ ఇంటి ముందు ఇసకదిబ్బ మీద కూర్చుని ఉంది. "ఏటన్నాడే?"

"ఈపే సూసినాడంట అత్తా. మొగం సూడ్నేదంట."

ముసలిది ఒక్క క్షణం కూడా తొణకలేదు. "ఈపు సాలదేటి? నానైతే మడమ సూసి పోలుస్తాను నా కొడుకుని," అంది. దాలమ్మ కొంగుమూట విప్పి, సంతలో తనే ఎవరిచేతో తెప్పించిన ఆకుపచ్చ గాజులు డజను కోడలి ఒళ్ళో పెట్టింది. "రేపు ఇయ్యేసుకుని కట్టు. ఎవులొద్దంతారో నాను సూస్తాను."

శనివారం పొద్దు వాలేవేళకి ఊరంతా చర్చి ముందు ఇసకలో చేరింది. పడవలకి రంగులు పూశారు, కొమ్మలు కట్టారు. మర్నాడు పూజ అయ్యాక మాతని భుజాల మీద రేవుకి తీసుకెళ్ళి ప్రతి పడవ ముక్కునీ తాకిస్తారు. చీర కట్టకపోతే మాత గుమ్మం దాటదు. పొద్దు కుంకేలోపల కట్టడం అయిపోవాలి. మగాళ్ళంతా బయట కూర్చున్నారు. తలుపు మూసి లోపల పదిమంది ఆడవాళ్ళు మిగిలారు. దాలమ్మ మాత్రం గడప దగ్గరే చతికిలబడింది. మొగుడు పోయిన పద్దెనిమిదేళ్ళనుంచీ ఆమె పీఠం మెట్టెక్కలేదు. ఎవరూ ఎక్కొద్దని చెప్పలేదు, చెప్పేదాకా ఆమె ఉండలేదు.

తోటికోడలు దానమ్మ తలంటుకుని, కొత్త గాజులేసుకుని, పళ్ళెంలో నీలం నేతచీర పట్టుకుని నిలబడింది. "అప్పా, నానడగనేదు. ఆళ్ళే రమ్మన్నారు. మా ఆయన కూడా ఎల్లకపోతే బాగోదన్నాడు," అని గొణిగింది.

"నాకు తెలుసునే," అంది అమ్మడు.

లచ్చయ్య పెళ్ళాం సూర్యకాంతం ముందుకొచ్చింది. మొగుడు కులపెద్ద అయితే ఆవిడ పెద్దకే పెద్ద. "ఏటే అమ్మడూ, సెప్పు. మాత ముందర నిలబడి సెప్పు. నీ మొగుడున్నాడా, నేడా?"

గడప దగ్గరనుంచి దాలమ్మ, "ఉన్నాడు! సెప్పే!" అంది.

అమ్మడు విగ్రహానికేసి తిరిగింది. ఉన్నాడనుకుంటే ఆ వీపు కళ్ళ ముందుకొచ్చింది, పిలిస్తే తిరగని వీపు. లేడనుకుంటే మొగుడి తడిబట్టల వాసన ముక్కుకి తగిలింది. ఈ పది నెలలూ ఇదే వరస. పొద్దున ఉంటాడు, మధ్యాహ్నం పోతాడు, దీపం పెట్టేవేళకి మళ్ళీ వస్తాడు. రోజూ మొగుణ్ణి బతికించి రోజూ చంపుకునే ఈ చాకిరీ ఇక తనవల్ల కాదనిపించింది. అలిసిపోయింది. అంతకు మించి పెద్ద ఆలోచనేమీ కాదు అది.

"నాకు తెల్దు," అంది ముందు. తరవాత గాజులు తీయడం మొదలుపెట్టింది. పగలగొట్టలేదు. అత్త తెచ్చిన ఆకుపచ్చ గాజులు, చెయ్యి ముడిచి ఒక్కొక్కటే బయటికి లాగి పీఠం మెట్టు మీద పెట్టింది. కుడిచేతివి ఆరు, ఎడమచేతివి ఆరు. ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. గడప దగ్గర ముసలిదానికి ఏం జరుగుతోందో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"నేడు," అంది అమ్మడు ఆఖరి గాజు పెట్టి. "మా ఆయన నేడు. రుజువు నాకాడ నేదు, ఎవుల కాడా నేదు. నానే సెప్తన్నాను, నేడు. సీర మాత్రం నాను కడతాను."

"ఒలమ్మో! ముండమోసిన సెయ్యి..."

"మొదట కట్టినావిడ మొగుడున్నదని ఎవులు సెప్పినారు మీకు? ఆవిడ్ని ఎవులైనా అడిగినారా? బొమ్మకి బట్టనేదు, కట్టింది. ఏ ఇంటి ఆడదని సెప్పుకున్నారే గానీ, ఏ మొగుడి పెళ్ళామని ఒక్కలూ సెప్పుకోనేదు," అని అమ్మడు దానమ్మ చేతిలోంచి చీర తీసుకుంది. దానమ్మ అడ్డు చెప్పలేదు, పళ్ళెం మాత్రం గట్టిగా పట్టుకుంది.

"నా కొడుకుని సంపీసినావే!" అని దాలమ్మ అరిచింది. "సంపీసినావే, దొంగముండా! నా కొంపలో తిని నా గుంటణ్ణి సంపీసినావే!" చర్చి గోడలు ఆ అరుపుకి మోగాయి. బయట మగాళ్ళ మాటలు ఆగిపోయాయి. సూర్యకాంతం ఆడవాళ్ళని వెనక్కి లాగింది. "ఎవులూ సెయ్యెయ్యకండి. కట్టుకోనీ, సూద్దుం ఎలా కడతాదో," అంది.

ఆవిడకి తెలుసు. ఆ చీర ఒక్క మనిషితో కట్టడం కాదు. గుండుసూది తగలకూడదు విగ్రహానికి. ముందు పాత చీర విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, నడుముకి కొత్త వలతాడు రెండు చుట్లు చుట్టాలి. ఆరుగజాల చీరని నిలువునా సగానికి మడిచి, వేలెడంత వెడల్పున కుచ్చిళ్ళు పోయాలి. ఒకరు ముందునుంచి కుచ్చిళ్ళు పట్టుకుంటే ఇంకొకరు వెనకనుంచి తాడు బిగించాలి. పైట చంకలో బిడ్డ కిందనుంచి తియ్యాలి, బిడ్డ మొహం మీద పడకూడదు. ఏటేటా దానమ్మ వెనకనుంచి తాడు పట్టేది.

అమ్మడు పాత చీర విప్పింది. కొయ్య ఒళ్ళు నల్లగా, బీటలుబారి, చల్లగా ఉంది. తుడిచింది. తాడు చుట్టింది. కుచ్చిళ్ళు పోసి ఎడమచేత్తో అదిమి, కుడిచేత్తో వెనక ముడి అందుకోబోయింది. చెయ్యి చాలలేదు. కుచ్చిళ్ళు జారి నేలమీద పడ్డాయి. మళ్ళీ పోసింది. ఈసారి పళ్ళతో తాడు కొస పట్టుకుని బిగించింది. ముడి పడింది గానీ కుచ్చిళ్ళు సగం జారిపోయాయి. మూడోసారి పోస్తుంటే చేతులకి చెమటపట్టి గుడ్డ అంటుకుపోయింది. కిటికీలో వెలుతురు తగ్గిపోతోంది. పదిమంది ఆడవాళ్ళున్నారు, ఇరవై చేతులున్నాయి, ఒక్కటీ కదల్లేదు. దానమ్మ ఏడుస్తోంది. అమ్మడికి మొట్టమొదటిసారి భయం వేసింది. ఇంత మాటా అని, మొగుణ్ణి వదులుకుని, అత్త శాపం తిని, చివరికి చీర కట్టలేక బయటికెళ్ళాలా? ఇంతకంటే పిచ్చిది ఉంటుందా ఊళ్ళో?

దాలమ్మ అరుపు ఎప్పుడాగిపోయిందో ఎవరూ గమనించలేదు. నాలుగోసారి కుచ్చిళ్ళు అదిమి పట్టుకున్నప్పుడు వెనక తాడు దానంతటదే బిగిసింది. అమ్మడు తలెత్తి చూసింది. విగ్రహం భుజం పక్కన ముసలిదాని నెరిసిన తల కనబడింది. ఆ చేతులకీ గాజుల్లేవు. పద్దెనిమిదేళ్ళు ముట్టకపోయినా ఆ ముడి మర్చిపోలేదు, వలముడి వేసి మధ్యలో వేలు పెట్టి లాగింది.

"ఒదులు. పట్టుకున్నాను," అంది దాలమ్మ. గొంతు బొంగురుపోయి ఉంది.

"అత్తా..."

"మాటాడకు. కుచ్చిళ్ళు లోపలికి దొయ్యి. అలాగ కాదే, పైకి లాగి దొయ్యి. నీకెన్నిసార్లు సెప్పినాను?"

అమ్మడు పైకి లాగి దోపింది. పైట బిడ్డ కిందనుంచి తీసింది. ముసలిది వెనక్కి జరిగి, కళ్ళు చిట్లించి చూసి, ఎడమ అంచు వేలెడు పొడుగైందని చెప్పి, తనే వంగి సర్దింది. సూర్యకాంతం ఏదో అనబోయింది. దాలమ్మ ఆవిడకేసి ఒక్క చూపు చూసింది. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ చూపుతోనే ముసలిది ఈ పేటలో పెద్దకోడలిగా తిరిగింది, సూర్యకాంతం అప్పటికి చీర కట్టడం కూడా సరిగ్గా రాని కొత్త పెళ్ళికూతురు. ఆవిడ నోరు మూసుకుంది. దానమ్మ పరుగెత్తుకెళ్ళి తలుపు గడియ తీసింది.

గంట మోగింది. ఫాదరు దీపం పట్టుకుని లోపలికొచ్చాడు, వెనకాల లచ్చయ్యా, అంతోనీ. మెట్టు మీద గాజులు చూశారు, కట్టిన చీర చూశారు, పక్కనే నిలబడ్డ ఇద్దరు బోసిచేతుల ఆడవాళ్ళని చూశారు. బయట గంటకి జనం అప్పటికే లేచి మాతకి దణ్ణాలు పెడుతున్నారు. ఇప్పుడు విప్పమనడం ఎవడి తరం? లచ్చయ్య అంతోనికేసి చూశాడు, అంతోని విగ్రహానికేసి చూశాడు.

ఫాదరుకి మాత్రం ఒక్క సంగతి అర్థమైంది. నల్లట్ట పుస్తకం తెరిచి, ఖాళీ వరస మీద కలం పెట్టాడు. "రేపు చదవవచ్చునా?" అని అమ్మణ్ణి అడిగాడు.

అమ్మడు తలూపింది.

"పేరు చెప్పు."

అమ్మడు నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మొగుణ్ణి పేరు పెట్టి పిలవని నాలుక, ఇప్పుడెలా పలుకుతుంది? ఫాదరుకి ఆ సంగతి తెలియదు. కలం అలాగే పట్టుకుని ఎదురుచూశాడు. ఆడవాళ్ళంతా నేలకేసి చూస్తున్నారు.

దాలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఎల్లాజీ," అంది. కొడుకు పోయిన పది నెలల్లో ఆ పేరు ఆమె నోటినుంచి రావడం అదే మొదలు. "సూరాడ ఎల్లాజీ. నా పెద్ద కొడుకు. రాసుకో బాబూ."